హుఫ్రా: వాదీలోకి దిగే రేస్ ట్రాక్

రేస్ ట్రాక్ మీద ఇంజనీరుగా పనిచేశానని చెబితే ఎవరైనా మొదట అడిగే మాట ఒక్కటే: "అయితే రేసులన్నీ దగ్గరుండి చూసుంటారు కదా?" చూడలేదు. కార్లు వెళ్ళిపోయాక రోడ్డును చూడటం నా పని.

ఒమాన్‌లో నేను పనిచేసిన సర్క్యూట్‌లో ఇప్పుడు మన తెలుగు పిల్లలు కొందరు ఇంజనీర్లుగా చేరారు. వాళ్ళలో ఒకమ్మాయి ఆమధ్య ఫోన్ చేసింది. "మేడమ్, తారు గురించి, కాంక్రీటు గురించి మాన్యువల్స్‌లో అంతా ఉంది. అసలు ఇక్కడ పనేమిటో మాత్రం ఎక్కడా లేదు" అంది. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబుగానే ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ టెండరు ఎవరికి వెళ్ళిందో రాయను. అవి ఆమెకు పనికిరావు.

లారీ రోడ్డు, రేసు రోడ్డు

కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, కొన్నేళ్ళు కోస్తాలో హైవే పనులు చూసి, పెళ్ళయ్యాక మస్కట్ వచ్చాను. మా ఆయన ఖురంలో ఒక షిప్పింగ్ ఆఫీసులో చేసేవారు. నేను మొదట రోడ్ల కన్సల్టెన్సీలో చేరి, అక్కణ్ణుంచి సర్క్యూట్‌కు వెళ్ళాను. రోడ్డు తెలిసినవాళ్ళకు ట్రాక్ ఏం కష్టం అనుకున్నాను. మొదటి సీజన్‌లోనే తేడా అర్థమైంది.

లారీ రోడ్డును కిందికి నొక్కుతుంది. రేసు కారు పక్కకు లాగుతుంది. బ్రేకు వేసిన చోట తారును ముందుకు తోస్తుంది, మలుపులో ఒక్కొక్క రాయినీ పెకలించాలని చూస్తుంది. దానికి తోడు ఒమాన్ ఎండ. మామూలు తారు అయితే మధ్యాహ్నానికి మెత్తబడి నల్లగా చెమర్చినట్టు అయిపోతుంది. అందుకని గట్టి రాయి వెతకాలి, తారులో రబ్బరు లాంటి పదార్థాలు కలపాలి, పరిచేటప్పుడు ఎక్కడా అతుకు తెలియకూడదు. హైవే మీద చిన్న ఎగుడుదిగుడు ఉంటే బస్సులో నిద్రపోయేవాడికి మెలకువ వస్తుంది. ట్రాక్ మీద అదే ఉంటే కారు గాల్లోకి లేస్తుంది.

ఇంకొకటి ఇసుక. రేసున్న ప్రతిరోజూ పొద్దున్నే ఊడ్పు బండి తిరగాల్సిందే. ఊడ్చిన గంటకు గాలి లేస్తే మళ్ళీ ఊడవాలి. ఈ పనిని ఎవరూ పొగడరు. మానేస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఒక ఏడాది మార్కెటింగ్ వాళ్ళు మొదటి మలుపు ముందు, సరిగ్గా బ్రేకులు వేసే చోట, స్పాన్సర్ల గుర్తును పెద్ద బొమ్మగా పెయింట్ చేయించారు. నేను వద్దన్నాను. "హెలికాప్టర్ నుంచి ఎంత బాగుంటుందో మీకు తెలీదు" అన్నారు. మర్నాడు పొద్దున మంచుకు ఆ పెయింటు తడిసింది. మొదటి ప్రాక్టీసులో మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఒక రైడర్ ఆ బొమ్మ మీద బ్రేకు నొక్కి, జారి, అదుపు తప్పిన బళ్ళు ఆగడానికి మలుపు పక్కన పోసిన కంకరలో పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. మధ్యాహ్నానికి పెయింటు గీకించేశాం. ట్రాక్ మీద అలంకారం కోసం ఏదీ ఉండకూడదు. ఈ మాట నేను పై అధికారులకు చాలాసార్లు చెప్పాను, విన్నది మాత్రం భుజం విరిగాకే.

ట్రాక్ ఎలా పుట్టింది

మస్కట్ దాటి నిజ్వా వైపు వెళ్ళే హైవేలో, కొండలు రెండు పక్కలా దగ్గరపడే చోట మా సర్క్యూట్ ఉంది. ఒకప్పుడు వారాంతం వస్తే కుర్రాళ్ళు కొత్తగా వేసిన రోడ్ల మీద కార్లతో పందేలు వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకునేవారు. అలా పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాల పెద్దలే కొందరు ముందుకొచ్చి, వాళ్ళు నడుపుకోవడానికి ఒక తిన్నని రోడ్డు వేయించారు. తర్వాత దాని పక్కనే చిన్న కార్ట్‌ల ట్రాక్ వచ్చింది. ఆ తర్వాత పూర్తి సర్క్యూట్. ఆ పాత తిన్నని రోడ్డే ఈనాటి మెయిన్ స్ట్రెయిట్.

స్ట్రెయిట్ చివర గోధుమరంగు గుట్ట, దాని పాదం దగ్గర కుడివైపు ఇరుకు మలుపు. అక్కణ్ణుంచి ఎక్కుడు. గుట్ట భుజం మీద ఒక మిట్ట ఉంటుంది, దాన్ని దాటేటప్పుడు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికైపోతుంది. అది దాటగానే రోడ్డు ఒక్కసారిగా వాదీలోకి దిగిపోతుంది. వాదీ అంటే వానొస్తేనే పారే వాగు. మిగతా రోజులన్నీ రాళ్ళూ ఇసుకా. ట్రాక్ ఆ వాగు అడుగుదాకా దిగి, అక్కడ వంపు తిరిగి, అవతలి గట్టు ఎక్కుతుంది. దిగేటప్పుడు డ్రైవరుకు గట్టు అవతల ఏముందో కనిపించదు. అడుగున కారు మొత్తం నేలకు అదుముకుపోతుంది. డ్రైవర్లు దాన్ని హుఫ్రా అనేవారు. అరబ్బీలో గొయ్యి అని అర్థం.

గల్ఫ్‌లో ట్రాక్‌లు చాలావరకు బల్లపరుపు నేల మీద వేసినవే. అందుకే హుఫ్రా కోసమే మా దగ్గరికి వచ్చేవారు. సరిహద్దు ఇవతల బురైమి నుంచి, అవతల అల్ ఐన్ నుంచి కార్లను ట్రైలర్ల మీద ఎక్కించుకుని వచ్చి, పగలంతా నడిపి, సాయంత్రం ఆ ఒక్క వంపు గురించే మాట్లాడుకునేవారు. మా సర్క్యూట్‌కు వచ్చిన పేరంతా అదే.

ఆ పేరును కాపాడినవాడు మేనేజర్ సులైమాన్. వయసులో ఉన్నప్పుడు ఎడారి ర్యాలీలు నడిపాడు. ఒక పల్టీలో మోకాలు దెబ్బతిని కొంచెం ఈడ్చి నడిచేవాడు. నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "ముహందిసా" అనేవాడు, అంటే ఇంజనీరమ్మా అని. ఇంగ్లీషులో మొదలుపెట్టి హిందీలో ముగించేవాడు.

సర్క్యూట్ గీసిన విదేశీ డిజైనరు వాదీ నీటికోసం హుఫ్రా కింద పైపులు వేయించాడు. మొదటి పెద్ద వరదకే కొండరాళ్ళు కొట్టుకొచ్చి పైపులు మూసుకుపోయాయి. నీళ్ళు తారు కిందికి దూరి దాన్ని లేపేశాయి. మర్నాడు వెళ్ళి చూస్తే ట్రాక్ ముక్కలు దిగువన విరిగిన అప్పడాల్లా పడి ఉన్నాయి.

కంపెనీ చైర్మన్ ట్రాక్ గొయ్యిలోకి దిగకుండా పైన వంతెన కట్టమన్నాడు. తప్పుడు సలహా కాదు. కానీ వంతెన కడితే హుఫ్రా ఉండదు. సులైమాన్ నన్ను పిలిచి, "ఇంకో దారి ఉందా, ముహందిసా?" అని అడిగాడు.

ఉంది. ఒమాన్‌లో సగం పల్లె రోడ్లు వాదీలను అలాగే దాటుతాయి. నీళ్ళను కిందనుంచి పంపకుండా రోడ్డు మీదనుంచే పోనిస్తారు. పైపులు తీసేసి, అడుగున మందంగా కాంక్రీటు పరిచి, రెండు పక్కలా లోతుగా గోడలు దించి, దానిమీద తారు వేద్దామన్నాను. నీళ్ళొస్తే పైనుంచి దొర్లిపోతాయి. కడిగి, ఊడ్చుకుంటే ట్రాక్ మళ్ళీ సిద్ధం.

"అయితే ఒక షరతు" అన్నాను. "నీళ్ళొచ్చే సమయంలో అక్కడ మనిషిగానీ కారుగానీ ఉండకూడదు."

"అది ఎలా తెలుస్తుంది?"

"ఎగువన ఒక మనిషిని పెట్టాలి."

ఎగువన మనిషి

ఆ మనిషి గంగారాం. జగిత్యాల దగ్గర పల్లె. మొదట ఇళ్ళ సైట్లలో పనిచేసి, తర్వాత మా ట్రాక్ సిబ్బందిలోకి వచ్చాడు. డ్యూటీ ఎక్కడ వేస్తే అక్కడ నిలబడేవాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అందుకే ఎంచుకున్నాను.

కొండల్లోంచి వాదీ బయటపడే ఇరుకు దగ్గర, ఖర్జూరం తోటల అంచున ఒక బండ ఉంది. దానిమీద తెల్లగీత గీయించాను. రేసు రోజుల్లో గంగారాం అక్కడ కూర్చోవాలి. నీళ్ళు గీత దాటితే ఫోన్ చేయాలి. అంతే. ఎందుకు దాటాయి, ఇంకా పెరుగుతాయా, కిందిదాకా వస్తాయా అన్నది అతను ఆలోచించనక్కర్లేదు.

"నీళ్ళు గీత దాటితే ఫోన్ జెయ్యాలె. గంతే గద, మేడం?" అన్నాడు.

"అంతే."

"మరి ఉత్తగనే ఫోన్ జేసిన అంటే?"

"గీత దాటాక చేసిన ఫోను ఏదీ ఉత్తది కాదు" అన్నాను. ఆ మాట అతనికి నేనిచ్చిన హామీ అని అప్పుడు నాకు తట్టలేదు.

రెండు సీజన్ల పాటు ఒక్కసారీ ఫోన్ రాలేదు. ఎగువన మనిషి ఎందుకని ఆఫీసులో అడగడం మొదలుపెట్టారు.

ఆ శుక్రవారం

చలికాలం, సీజన్‌లో పెద్ద రేసు. ట్రాక్ మీద ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. దూరంగా కొండల వెనక మాత్రం బూడిదరంగు మేఘం కూర్చుని ఉంది. హుఫ్రా గట్ల మీద జనం నిండిపోయారు. గట్టు కింద, వాదీ నేల మీదే, కుటుంబాలు చాపలు పరుచుకుని పిల్లలకు అన్నాలు పెడుతున్నాయి. మలుపు అడుగున జెండాలు పట్టుకున్న మార్షల్స్, ఒక అంబులెన్సు.

రేసు ఆఖరికి వచ్చింది. ఇంకా మూడు చుట్లు. సులైమాన్ మేనల్లుడు హిలాల్ ముందున్నాడు. సొంత ట్రాక్ మీద పెద్ద రేసు గెలవడం కోసం ఆ కుర్రాడు ఎన్నాళ్ళుగా పాకులాడుతున్నాడో మాకందరికీ తెలుసు. రెండు చుట్లుగా రెండో స్థానంలో ఉండి, ఈ చుట్టులోనే హుఫ్రాలోకి దిగుతూ అల్ ఐన్ నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి దాటేశాడు. జనం లేచి నిలబడి అరుస్తున్నారు.

కంట్రోల్ రూమ్‌లో నా ఫోన్ మోగింది.

"మేడం, నీళ్ళొచ్చినయ్. గీత మునిగింది. ఎర్రగ, జోరుగ వస్తున్నయ్."

"నువ్వు పైకెక్కు" అని, రేస్ డైరెక్టర్ వైపు తిరిగాను. పేరు హ్యూ, బ్రిటన్ మనిషి, సీజన్ కాంట్రాక్టు మీద వచ్చాడు. పని బాగా తెలిసినవాడు. రేసు ఆపమన్నాను. ఆయన కిటికీలోంచి ఎండలోకి చూశాడు.

"నీళ్ళు ఇక్కడికి రావడానికి పావుగంట పడుతుందని మీరే చెప్పారు. మూడు చుట్లంటే ఆరేడు నిమిషాలు. ముగించనివ్వండి."

ఆయన లెక్కలో తప్పులేదు. కానీ ఆ పావుగంట నేను వేసిన అంచనా మాత్రమే, వరద ఒప్పుకున్న గడువు కాదు. పైగా రేసు ముగిశాక కదా గట్టు కింది పిల్లల్ని లేపి పైకి పంపేది.

"గట్టు కింద జనం ఉన్నారు. కార్లు తిరుగుతుంటే వాళ్ళు లేవరు" అన్నాను.

"గెలుపు ఎవరిదో తేలబోతున్నప్పుడు ఆపమంటున్నారు మీరు."

సులైమాన్ వెనక నిలబడి వింటున్నాడు. తెర మీద మేనల్లుడి కారు. ఆయన దాన్ని ఒక్కసారి చూసి, నన్ను అడిగాడు.

"గంగారాం చేశాడా?"

"చేశాడు."

"యల్లా, ఆపండి" అన్నాడు హ్యూతో.

ఎర్రజెండాలు లేచాయి. మైకులో అనౌన్స్ చేసి జనాన్ని గట్టెక్కించాం. ఆపిన రేసులో ఫలితాన్ని అంతకుముందు పూర్తయిన చుట్టు నుంచి తీసుకుంటారు. ఆ చుట్టులో అల్ ఐన్ కుర్రాడు ముందున్నాడు. అలా హిలాల్ గెలుపు పోయింది.

జనమంతా గట్ల మీద నిలబడి ఎదురుచూశారు. చాలాసేపటికి ఎగువన మలుపులో నీళ్ళు కనిపించాయి. ఎర్రటి నురగ, పుల్లలు, ఒక ప్లాస్టిక్ డబ్బా. అవి నెమ్మదిగా ముందుకొచ్చాయి, వెడల్పుగా పరుచుకున్నాయి, పలచబడ్డాయి. ట్రాక్ ఇంకా కొంత దూరం ఉండగానే ఆగిపోయాయి. కొండమీద వాన తగ్గి ఉంటుంది, మిగిలినదాన్ని ఎండిన కంకర తాగేసింది. అందరం చూస్తుండగానే ఆ తడి ఇంకిపోయింది. తారు మీద ఒక్క చుక్క పడలేదు.

ముందు ఎవరో నవ్వారు. తర్వాత గట్టంతా నవ్వింది. హిలాల్ హెల్మెట్ నేలకేసి కొట్టి, ఎర్రజెండా ఊపిన మార్షల్‌ను గుండెల మీద తోసేశాడు. దానికి అతన్ని ఒక రేసు నుంచి నిషేధించారు.

ఫోన్ చేసినవాడు

మర్నాడు సైట్ ఆఫీసుకు గంగారాం వచ్చాడు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, నన్ను ఇంటికి తోలుతరంట గద?"

"ఎవరన్నారు?"

"రూమ్‌ల అందరు అంటున్నరు. పెద్దసాబ్ మస్తు కోపంల ఉన్నడంట." మళ్ళీ తనే అన్నాడు. "ఈసారికి మాఫ్ జెయ్యుండ్రి మేడం. మల్లొక్కసారి నీళ్ళొస్తే జర ఆగి, సూసి, అప్పుడు ఫోన్ జేస్త."

నా ఉద్యోగ జీవితంలో విన్న మాటల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. తారు లేచిపోయినప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. ఎగువన ఉన్న మనిషి ఆగి ఆలోచించడం మొదలుపెడితే ఏం చేయాలో తెలియదు.

"గీత దాటిందా లేదా?" అని అడిగాను.

"దాటింది మేడం. నా పిల్లల మీద ఒట్టు."

"మరి మాఫీ ఎందుకు? నువ్వు చేయాల్సిందే చేశావు. కూర్చో."

కూర్చోలేదు. నా మాట నమ్మాడని కూడా అనుకోను.

ఆ వారం ఖురంలోనే ఉన్న మా కంపెనీ ఆఫీసులో మీటింగ్. చైర్మన్ చెడ్డవాడు కాదు, ట్రాక్‌కు ఎప్పుడూ లోటు చేయలేదు. కానీ నవ్వులపాలు కావడం ఆయన భరించలేడు. రాగానే అడిగింది ఆ ఒక్కటే.

"ఫోన్ చేసినతన్ని ఇంకా ఎందుకు ఉంచారు? పంపించేయండి. అక్కడ కెమెరా పెట్టండి."

కెమెరా పెడదామన్నాను. ఆ ఇరుకులో సిగ్నలు నిలకడగా ఉండదు, వానలో అసలు ఉండదు, కాబట్టి మనిషీ ఉండాలన్నాను. హ్యూ కూడా నిజాయితీగా మాట్లాడాడు. తానైతే ఆపేవాణ్ణి కాదని, అయితే ఆపమన్నవాళ్ళను తప్పుపట్టనని చెప్పాడు. చైర్మన్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు గంగారాం నాతో అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఆగి, చూసి, ఫోన్ చేస్తానన్నాడని.

"మంచిదేగా" అన్నాడు చైర్మన్.

సులైమాన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మంచిది కాదు" అన్నాడు. "ఆ రోజు గెలుపు పోగొట్టుకున్నది నా అక్క కొడుకు. ఇంట్లో మా అక్క నాతో మాట్లాడటం లేదు. ఐనా చెబుతున్నాను. ఇతన్ని పంపిస్తే, వచ్చేవాడికి మనం నేర్పేది ఒక్కటే, ఫోన్ చేసేముందు భయపడమని. వాడు భయపడుతూ కూర్చున్నప్పుడు కింద హుఫ్రాలో ఉండేది మళ్ళీ మన పిల్లలే."

పిల్లల్ని రోడ్ల మీద పోగొట్టుకున్న కుటుంబాల్లో చైర్మన్‌ది కూడా ఒకటి. చివరికి ఆయన చెయ్యి ఊపి, "ఖలాస్, ఉండనివ్వండి" అన్నాడు.

సులైమాన్ అంతటితో వదల్లేదు. హిలాల్‌కు నిషేధం ఉన్న రేసు రోజున అతన్ని ఎగువకు పంపాడు. గంగారాం పక్కన పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చోమన్నాడు. హిలాల్ నామీద గుర్రుగా ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకుని జీపెక్కాడు.

ఆ రోజు వాన లేదు, నీళ్ళు లేవు. సాయంత్రం తిరిగొచ్చి నా దగ్గర ఆగాడు.

"అక్కడికి రేసు చప్పుడు కూడా వినిపించదు" అన్నాడు.

"అవును."

"అన్నం తినేటప్పుడు కూడా అతను గీత వైపు ముఖం పెట్టే తిన్నాడు. నాతో మాట్లాడుతూ కూడా నన్ను చూడలేదు." క్షమాపణ చెప్పలేదు. నేనూ ఎదురుచూడలేదు. తర్వాత తను తోసేసిన మార్షల్ దగ్గరికి వెళ్ళి కరచాలనం చేశాడని విన్నాను.

చేరేవాళ్ళకు

ఆ రేసు ఆపడం సరైనదేనా అని ఇప్పటికీ అడుగుతారు. సరైనదే. ఒక నిర్ణయం సరైనదా కాదా అన్నది అది తీసుకున్నప్పుడు మన చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి తేల్చాలి, తర్వాత ఎన్ని నీళ్ళొచ్చాయన్నదాన్ని బట్టి కాదు. చెప్పడం తేలిక. గట్టంతా నవ్వుతుంటే దానిమీద నిలబడటం కష్టం.

పై అధికారుల గురించి ఒక్క మాట. వాళ్ళ తెలివిని చూసి అంచనా వేయకండి. చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి ఏం చేస్తారో చూడండి. సులైమాన్‌కు తారు గురించి ఏమీ తెలియదు. ఐనా నేను పనిచేసిన అందరిలో మంచి బాస్ ఆయనే.

హుఫ్రా మీదనుంచి తర్వాత చాలాసార్లు నీళ్ళు పారాయి. ఎక్కువగా రేసుల్లేని రోజుల్లోనే. కాంక్రీటు నిలబడింది, తారును మాత్రం మధ్యమధ్య మార్చుకోవాల్సి వచ్చింది. నేను రిటైరై కాకినాడ వచ్చేశాను. సులైమాన్ తోట చూసుకుంటున్నాడు. హిలాల్ కొన్నేళ్ళు నడిపి, నడపడం మానేసి, అదే సర్క్యూట్‌లో రేస్ డైరెక్టర్ అయ్యాడు.

ఈ చలికాలంలో ఒక సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"ముహందిసా, పొద్దున రేసు ఆపాను. గంగారాం ఫోన్ చేశాడు. జనాన్ని గట్టెక్కించి గంటసేపు చూశాం. మాఫీ మాయ్, నీళ్ళే లేవు, ఒక్క చుక్క రాలేదు. అందరూ నవ్వారు."

"గంగారాం ఏమన్నాడు?"

"ఏమంటాడు? మధ్యాహ్నం రేసులో మళ్ళీ ఫోన్ చేశాడు."

"మరి నువ్వు?"

"మళ్ళీ ఆపాను" అన్నాడు.